ఏడుకొండల వెనక ఎర్రదుంగల రాజ్యం

తిరుపతి స్టేషనులో రైలు దిగిన ప్రతివాడూ ముందుగా తల పైకెత్తుతాడు. ఎదురుగా గోడ కట్టినట్టు శేషాచలం! చేతులు వాటంతటవే పైకి లేస్తాయి. ఆ తర్వాత బస్సు, క్యూ, దర్శనం, గుండు, లడ్డు. మర్నాటి రైలుకి తిరుగు ప్రయాణం. ఏడాదికి కోట్లమంది ఇలా వచ్చి ఇలా వెళ్తారు. వాళ్ళందరూ చూసేది కొండకున్న ఒక్క ముఖమే. రెండో ముఖం చూడాలంటే గుడి వైపు కాదు, అడివి వైపు తిరగాలి.

ఈ వారం మన మజిలీ అటే!

సినిమా పిచ్చి ఉన్న కుర్రకారులో ‘గాడ్‌ఫాదర్’ పేరు వినని వాళ్ళుండరు. 1972లో వచ్చిన ఆ ఒక్క చిత్రం, ఇటలీ నుంచి అమెరికాకి వలసపోయిన కుటుంబాల ముఠా తగాదాలని ప్రపంచమంతటికీ చూపించింది. మణిరత్నం ‘నాయకన్’ (1987) వచ్చాక మన దక్షిణాదికీ ఒక డాన్ దొరికాడు. కాని ఆ డాన్ బొంబాయిలో ఉండేవాడు. మన తెలుగు గడ్డమీద, అదీ వెంకన్న కొండల నీడలో, ముఠాలూ, నాయకులూ, విదేశాల్లో కొనుగోలుదార్లూ ఉన్న ఒక సామ్రాజ్యం ఉందన్న సంగతి మాత్రం 2021 డిసెంబరు 17న ‘పుష్ప’ విడుదలయ్యేదాకా చాలామంది ప్రేక్షకులకి పట్టలేదు. పేపర్లో లోపలి పేజీ వార్తగా రోజూ వస్తూనే ఉండేది. మనమే సినిమా పేజీకి తిప్పేసేవాళ్ళం!

వాసన లేని గంధం

అలిపిరి దగ్గర మెట్లదారి మొదలవుతుంది. మొత్తం 3,550 మెట్లు. ఆ దారిలో గోవింద నామాలు వింటూ, కోతుల నుంచి సంచీ కాపాడుకుంటూ ఎక్కేవాళ్ళు పక్కనున్న చెట్ల వంక చూడరు. చూడాల్సిన చెట్టు ఒకటుంది. బెరడు నల్లగా, పలకలు పలకలుగా చీలి, అచ్చం మొసలి వీపులా ఉంటుంది. కొమ్మకి మూడేసి గుండ్రటి ఆకులు. ఎండాకాలంలో పసుపుపచ్చ పూలు. కాయ పల్చగా, చుట్టూ రెక్కతో రూపాయి బిళ్ళలా ఉంటుంది. చూడ్డానికి ఏ గొప్పా లేదు. గొడ్డలి వేటు పడితే మాత్రం నెత్తురులాంటి ఎర్రటి రసం కారుతుంది. అదే ఎర్రచందనం. మన పెద్దవాళ్ళు రక్తచందనం అనేవారు.

పేరులో చందనం ఉంది గనక గుప్పున వాసన వస్తుందనుకునేరు! ఏ వాసనా ఉండదు. శ్రీగంధానికీ దీనికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. దీని విలువంతా రంగులోనూ, బరువులోనూ, గట్టిదనంలోనూ ఉంది. నీళ్ళలో వేస్తే తేలదు, మునుగుతుంది. ఈ చెట్టు ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, పాలకొండ, వెలికొండ, లంకమల... అంతే! రాతినేల, తక్కువ వాన, మండే ఎండ ఉంటేనే దీనికి కడుపునిండా తిన్నట్టు. చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి. ఇవాళ కొట్టిన దుంగ మన తాతల కాలంలో మొలకెత్తినదన్నమాట.

మరి కొనేదెవరు? చైనాలో మింగ్, చింగ్ చక్రవర్తుల కాలం నుంచీ ముదురెరుపు కలపతో చేసిన సామాను అంటే రాజలాంఛనం. జపానులో షమిసెన్ అని మూడు తీగల వాద్యం ఉంది. దాని దండానికి మేలిరకం కలప ఇదే. అంటే తిరుపతి కొండల్లో తెగిన చెట్టు ఎక్కడో టోక్యోలో పాటై మోగుతుందన్నమాట! వినడానికి అందంగానే ఉంది. ఆ పాటకీ ఈ కొండకీ మధ్య ఎంత నెత్తురుందో తెలిస్తే అంత అందంగా ఉండదు.

మనవాళ్ళు కూడా దీన్ని వాడుకునేవాళ్ళు, చాలా ముచ్చటగా. తిరుపతి వెళ్ళినవాళ్ళు పిల్లల కోసం రాజారాణీ కొయ్యబొమ్మలు తెచ్చేవాళ్ళు గుర్తుందా? దసరా కొలువులో పై మెట్టుమీద నిలబడే జంట? ఆ బొమ్మలు ఎర్రచందనంతోనే చెక్కేవారు. ఏర్పేడు దగ్గర మాధవమాలలో ఇప్పటికీ కొయ్యశిల్పం మీద బతికే కుటుంబాలున్నాయి. ఒక బొమ్మకి చెయ్యెడు కొయ్య చాలు. కంటెయినరు నింపాలంటే కొండ కావాలి.

నిషేధమే పెట్టుబడి

ఇక్కడ కాసేపు అమెరికా వెళ్ళొద్దాం. 1920లో అక్కడ మద్యనిషేధం వచ్చింది. తాగేవాళ్ళు మానలేదు, ధర మాత్రం పెరిగింది. ఇటలీ నుంచి వచ్చిన తల్లిదండ్రులకి బ్రూక్లిన్‌లో 1899లో పుట్టిన అల్ కపోన్ అనే కుర్రాడు షికాగో చేరి ఆ సారా వ్యాపారంలోనే డాన్ అయ్యాడు. పోటీ ముఠాలతో వీధుల్లో తుపాకీ యుద్ధాలు. 1929 ఫిబ్రవరి 14న ప్రత్యర్థి ముఠాకి చెందిన ఏడుగుర్ని ఒక గ్యారేజీలో గోడవారన నిలబెట్టి కాల్చేశారు. ఆ పని కపోన్ మనుషులదే అని ఊరంతా అనుకుంది. కాని ఎవరికీ శిక్ష పడలేదు. చివరికి ఆయన్ని పట్టించింది హత్య కాదు, ఆదాయపు పన్ను! 1931లో పన్ను ఎగ్గొట్టిన నేరానికి పదకొండేళ్ళ శిక్ష పడింది. 1933లో నిషేధం ఎత్తేశారు. సారా ముఠాల కాళ్ళకింద నేల కదిలిపోయింది.

మన ఎర్రచందనం కథా ఇలాగే మొదలైంది. చెట్టు అంతరించిపోతోందని 1995లో సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలోకి ఎక్కించారు. అడివి నుంచి నరికి విదేశాలకి పంపడం నిషిద్ధం. గిరాకీ తగ్గలేదు, సరుకు దాగింది. దాగిన సరుకుకి దారి చూపించేవాడు దొర అయ్యాడు. అక్కడిదాకా కపోన్ కథే.

తేడా ఎక్కడుందో చూడండి. నిషేధం ఎత్తేస్తే సారా మర్నాడే కాచుకోవచ్చు. చెట్టుని మర్నాడు కాచలేం! అడివిలో నరకడానికి రేపు తలుపులు తెరిస్తే, ఎల్లుండికి కొండ బోడిగుండే. అందుకే ప్రభుత్వం ఇంకో దారి పట్టింది. పట్టుబడిన దుంగల్ని వేలం వేస్తోంది. సొంత పొలంలో పెంచిన చెట్లని ఎగుమతి చేసుకునే వీలు 2019లో వచ్చింది. కాని రైతు ఇవాళ నాటిన మొక్క చేవ దేలేసరికి మనవడు పెళ్ళికొడుకవుతాడు. అంతవరకూ దొంగ గొడ్డలి ఆగుతుందా?

శ్రీవారిమెట్టు పక్క చీకటి

తిరుపతి నుంచి చంద్రగిరి దారిలో శ్రీనివాసమంగాపురం. అక్కణ్ణించి కొండెక్కే రెండోదారి శ్రీవారిమెట్టు, 2,388 మెట్లు. చంద్రగిరి కోట నుంచి రాయలవారు ఈ దారినే స్వామి దర్శనానికి వెళ్ళేవారని చెప్పుకుంటారు. కోటలో రాజమహల్ ఇప్పటికీ ఠీవిగా నిలబడే ఉంది. షూటింగుకి సెట్టింగు అక్కర్లేదు!

ఇక్కడ ఒక తేదీ మాత్రం మర్చిపోకూడదు. 2015 ఏప్రిల్ 7. ఆ తెల్లవారుజామున శ్రీవారిమెట్టు, చీకటీగలకోన ప్రాంతపు అడివిలో టాస్క్‌ఫోర్సు కాల్పుల్లో ఇరవై మంది చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. వందమందికి పైగా రాళ్ళతో, కొడవళ్ళతో మీదపడ్డారు, ఆత్మరక్షణ కోసమే కాల్చామని పోలీసులు అన్నారు. కాదు, బస్సుల్లోంచి దింపి పట్టుకుపోయి చంపారని హక్కుల సంఘాలు అన్నాయి. జాతీయ మానవహక్కుల సంఘం విచారణకి దిగింది. కొన్నాళ్ళు రెండు రాష్ట్రాల మధ్య బస్సులు కూడా సరిగ్గా నడవలేదు.

అంతకు ముందు కథ కూడా చెప్పుకోవాలి. 2013 డిసెంబరులో ఇదే శేషాచలంలో కూంబింగుకి వెళ్ళిన ఇద్దరు అటవీ ఉద్యోగులని కూలీలు రాళ్ళతో, గొడ్డళ్ళతో కొట్టి చంపారు. వాళ్ళకీ పెళ్ళాం బిడ్డలున్నారు. 2024 ఫిబ్రవరిలో కె.వి.పల్లి దగ్గర కారు ఆపబోయిన టాస్క్‌ఫోర్సు కానిస్టేబుల్ని స్మగ్లర్లు అదే కారుతో గుద్ది చంపేశారు. చెట్టుకి అటువైపు చచ్చింది జీతం రాళ్ళవాడే, ఇటువైపు చచ్చింది కూలివాడే.

ఆ కూలీలు ఎవరు? ఎక్కువమంది తిరువణ్ణామలై, వేలూరు జిల్లాల్లో ఉన్న జవ్వాది కొండల గిరిజనులు. ఒకప్పుడు ఆ కొండల్లో శ్రీగంధం ఉండేది. చెట్టుని నేలకి దించడం, బెరడు చెక్కడం, దుంగని భుజాన వేసుకుని లోయ దిగడం వాళ్ళకి తెలిసిన విద్య. గంధం అయిపోయింది. విద్య మిగిలింది, ఆకలీ మిగిలింది. ఊళ్ళోకి ఒక మేస్త్రీ వస్తాడు. చేతిలో అడ్వాన్సు పెడతాడు. బస్సెక్కిస్తాడు. ఎక్కడికి, ఎవరికోసం అన్నది కూలీకి చెప్పరు. బియ్యం, పప్పు, గొడ్డలి నెత్తిన పెట్టుకుని రోజుల తరబడి అడివిలోనే వంట, అక్కడే పడక. తెలుగు ముక్క రాదు. దొరికిపోతే వకీలుతో మాట్లాడ్డానికి కూడా మనిషి కావాలి.

నిచ్చెన కాదు, గొలుసు

చంద్రగిరి దాటి మదనపల్లి రోడ్డు పడితే రంగంపేట. మోహన్‌బాబు విద్యాసంస్థలు ఇక్కడే ఉన్నాయి. ఆయనదీ ఈ సీమే, ఏర్పేడు దగ్గర మోదుగులపాళెం. ఆ తర్వాత భాకరాపేట ఘాటు. మలుపు మలుపుకీ లోయ. అటుపైన తలకోన జలపాతం, సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. చెమట పట్టిన ఒంటికి ఆ చల్లగాలి తగిలిందంటే స్వర్గం అక్కడే! ఈ అడవులన్నీ 2010లో ప్రకటించిన శేషాచలం జీవావరణ రిజర్వులో భాగం. పగలు మనకి పిక్నిక్కు. రాత్రి ఇంకెవరికో ఉద్యోగం.

దుంగ ఎలా పోతుందో వినండి. కూలీలు కొండ దిగి పొదల్లో ఒకచోట పేరుస్తారు. దాన్నే ‘డంప్’ అంటారు. అక్కణ్ణించి వాహనం. కూరగాయల కింద, పాల క్యాన్ల వెనక, కారు సీట్లు పీకేసి... ఎలాగైనా సరే. ముందు ఒక కారు ఖాళీగా పోతుంది. రోడ్డుమీద పోలీసులున్నారో లేదో ఫోన్లో చెప్తుంది. దాని పేరు ‘పైలట్’! మద్రాసు ఇక్కణ్ణించి నాలుగు గంటల లోపు దారి. గోడౌను, కంటెయినరు, ఓడ. ఒక దారి మూసుకుంటే ఇంకో దారి: బొంబాయి రేవు, గుజరాతు రేవు, నేపాలు సరిహద్దు.

‘గాడ్‌ఫాదర్’లో డాన్ ఉంటాడు, సలహాదారు ఉంటాడు, కింద దళపతులు, వాళ్ళకింద సైనికులు. అందరూ ఒకే బల్లమీద విందు భోంచేస్తారు. ఇక్కడ అలా కాదు. కూలీకి మేస్త్రీ తెలుసు. మేస్త్రీకి స్మగ్లరు మనిషి తెలుసు. ఆ మనిషికి స్మగ్లరు తెలుసు. స్మగ్లరుకి ఎగుమతిదారు తెలుసు. పైవాడు ఎవరో కిందవాడికి తెలీకుండా ఉండటమే ఈ వ్యాపారంలో మొదటి సూత్రం. ఇది నిచ్చెన కాదు, గొలుసు. ఒక కడియం తెగితే మిగతా గొలుసుకి దెబ్బ తగలదు. సినిమాలో కూలీ మెట్టు మెట్టూ ఎక్కి సిండికేటు తలమీద కూర్చుంటాడు. మనం ఈలలు వేస్తాం. అసలు అడివిలో ఎక్కడానికి మెట్లే కట్టలేదు!

ముఠా తగాదాలు లేవా అంటే, ఎందుకు లేవు? కష్టపడి నరికి తెచ్చినవాడి దగ్గర కొట్టేస్తే నరికే శ్రమ తప్పుతుంది కదా. ఆ పనికీ ముఠాలున్నాయి. ఒకడి లోడు ఇంకొకడు దారిలో హైజాక్ చేస్తాడు. పోలీసు కేసు పెట్టలేడు గనక వీడు వాణ్ణి వెంటాడతాడు. 2020 నవంబరులో కడప జిల్లా వల్లూరు మండలంలో ఎర్రచందనం కూలీలున్న కారు టిప్పర్ని గుద్దుకుని మంటల్లో చిక్కుకుంది. లోపలున్న కూలీల్లో కొందరు సజీవంగా కాలిపోయారు. సరుకు కోసం మరో ముఠా వెంటాడటం వల్లే ఆ వేగమని పోలీసులు చెప్పారు. మన సినిమాల్లో కారు ఛేజింగు ఇంటర్వెల్‌కి ముందు వస్తుంది. కారులో ఉన్నవాళ్ళు బతికి సెకండాఫ్‌లోకి వస్తారు.

పెద్ద తలకాయలు ఎప్పుడూ దొరకవని కాదు. కడప జిల్లావాడైన కొల్లం గంగిరెడ్డి, పెద్దఎత్తున స్మగ్లింగు చేశాడన్న ఆరోపణలున్నవాడు, బెయిలుమీద బయటికొచ్చి దేశం దాటిపోయాడు. మారిషస్‌లో పట్టుబడితే 2015 నవంబరులో ఇక్కడికి తీసుకొచ్చారు. 2017లో చిత్తూరు పోలీసులు కలకత్తా వెళ్ళి ఒక మాజీ ఎయిర్‌హోస్టెస్‌ని ఇదే ఆరోపణమీద పట్టుకొచ్చారు. చెట్టు శేషాచలంలో, వేళ్ళు ఎక్కడెక్కడో! 2016లో అటవీ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. 2022లో తిరుపతిలో ఎర్రచందనం కేసులకే ప్రత్యేక కోర్టులు పెట్టారు.

నాగయ్య చిత్తూరు, పుష్పరాజ్ చిత్తూరు

ఇక చిత్తూరు. తిరుపతి నుంచి సుమారు 70 కిలోమీటర్లు. దారిపొడుగునా మామిడి తోటలు, చెరకు మళ్ళు. టీకొట్టు దగ్గర నిలబడితే చాలు, ఆ యాస చెవిలో తేనె పోసినట్టుంటుంది. “యాడ్నించి వస్తా ఉండారు సామీ?” అంటారు. “పుష్పా ఊరు చూడను వచ్చినారా? ఏంది సామీ, మా ఊరంటే దుంగలేనా? తోతాపురి కాయ లేదా, బెల్లం లేదా, కాణిపాకం వినాయకుడు లేడా?” అని దెప్పుతారు కూడా. దెప్పడంలో న్యాయముంది.

తెలుగు తెరమీద చిత్తూరు పేరు మొదట వెలిగింది ఎవరివల్లో గుర్తు చేసుకోండి. చిత్తూరు నాగయ్య! పుట్టింది గుంటూరు సీమలో అయినా, ఇక్కడి నాటకరంగమే ఆయన్ని నటుణ్ణి చేసింది. ఊరు ఇంటిపేరయిపోయింది. 1943లో ‘పోతన’, 1946లో ‘త్యాగయ్య’, 1947లో ‘యోగి వేమన’. రాజుగారి సొమ్ము వద్దని నాగలి పట్టిన పోతన్నగా ఆయన్ని చూసి జనం హాల్లోనే దణ్ణాలు పెట్టారు. తరవాత దాదాపు ఎనభై ఏళ్ళకి అదే చిత్తూరు మళ్ళీ దేశమంతా మారుమోగింది, భుజం ఒకవైపు ఎత్తి గడ్డం కింద చెయ్యి తిప్పే పుష్పరాజ్‌తో. 2023లో అల్లు అర్జున్‌కి ఉత్తమనటుడుగా జాతీయ అవార్డు ప్రకటించారు. తెలుగు నటుడికి ఆ అవార్డు రావడం అదే మొదలు. ఆ నటనలో సగం బలం ఈ యాసదే. దశాబ్దాలపాటు కమెడియన్లకీ విలన్లకీ తప్ప దక్కని సీమ మాటని హీరో నోట పలికించినందుకు సుకుమార్‌కి చిత్తూరువాళ్ళు చప్పట్లు కొట్టారు.

అన్నట్టు, ‘పుష్ప’ అడివి చూద్దామని శేషాచలం వచ్చేవాళ్ళకి ఒక రహస్యం. ఆ అడివి ఇక్కడ లేదు! చాలా భాగం తీసింది గోదావరి జిల్లాల మన్యంలో, మారేడుమిల్లి దగ్గర. పచ్చగా, నీటిచెమ్మతో కళకళలాడే అడివది. అసలు ఎర్రచందనం అడివి ఎండిపోయి, రాళ్ళు తేలి, ముళ్ళతో ఉంటుంది. కెమెరాకి అందంగా కనపడదు. అందంగా కనపడనిదాన్ని సినిమా ఎప్పుడూ కాస్త పచ్చగానే చూపిస్తుంది.

ఇంకో సినిమా ముచ్చట కూడా వినాలి. 2024 ఆగస్టులో ఉపముఖ్యమంత్రి, అటవీశాఖ మంత్రి అయిన పవన్‌కల్యాణ్ బెంగుళూరు వెళ్ళినప్పుడు, ఒకప్పటి హీరోలు అడివిని కాపాడేవారు, ఇప్పటి హీరోలు అడివిని కొల్లగొడుతున్నారు అన్న అర్థం వచ్చేట్టు మాట్లాడారు. ఆయన ఉదాహరణ ‘గంధద గుడి’. 1973లో వచ్చిన ఆ కన్నడ చిత్రంలో రాజ్‌కుమార్ ఫారెస్టు ఆఫీసరు. విధి వైపరీత్యం ఏమిటంటే, ఆ రాజ్‌కుమార్‌నే 2000 జులై 30న గంధపుచెక్కల దొంగ వీరప్పన్ ఎత్తుకుపోయి 108 రోజులు అడివిలో ఉంచాడు. తెరమీద అడివిని కాపాడిన కథానాయకుణ్ణి అడివిలోంచి కాపాడటానికి రెండు ప్రభుత్వాలు తల కిందులయ్యాయి!

అయితే స్మగ్లరు కథ తీసిన సినిమా తప్పా? గాడ్‌ఫాదర్ చూసి అమెరికా అంతా మాఫియాలో చేరలేదు. కథ కథే. కాని ఒక్కమాట. తెరమీద మనకి నచ్చేది స్మగ్లింగు కాదు, తల వంచని కూలీ పొగరు. ఆ పొగరు అసలు కూలీకి ఒక్కరోజు కూడా దక్కలేదు. అతనికి దక్కింది అడ్వాన్సు, ఆపైన జైలో, తూటానో. సినిమా హాల్లో అతనికి మనం వేసిన ఈల అడివిలో అతనికి వినపడదు.

తిరుగు దారిలో తిరుపతి పొలిమేరన మంగళంలో అటవీశాఖ గోదాములున్నాయి. పట్టుబడిన దుంగలు అక్కడే పేరుస్తారు. ప్రతిదానికీ నెంబరు, గ్రేడు, కొలత ఉంటాయి. వేలంలో మేలిరకం టన్ను ధర లక్షల్లో పలుకుతుంది. ఒక్కో దుంగ ఏ కొండమీద తెగిందో, ఎంత బరువుందో రిజిస్టరులో ఉంటుంది. దాన్ని భుజాన మోసి దించినవాడి పేరు ఏ కేసు కాయితంలోనో, ఏ శవపంచనామాలోనో ఉంటుంది.

ఈసారి తిరుపతి వెళ్ళినప్పుడు మెట్లదారిలో ఎక్కండి. మొసలి వీపులాంటి బెరడున్న చెట్టు కనపడితే ఒక్క నిమిషం ఆగి చెయ్యి వేసి చూడండి. దాని మొండెం నిటారుగా నిలబడి ఉందంటే, ఆ రాత్రికి ఎవరో ఒక కూలీ క్షేమంగా ఇంట్లోనే పడుకున్నాడని అర్థం.